తడిక విమానం

ముందు ఒక అతుకు గురించి చెప్పాలి. అరచెయ్యి పట్టేంత చోటు. అక్కడ రెండు సన్నని లోహపు బద్దలు వాలుగా వచ్చి ఒకదాన్నొకటి దాటుతాయి. ఒకటి పైనుంచీ రెండోది కిందనుంచీ పోవు. దాటేచోట గాటు పెట్టి, ఒకదానిలో ఒకటి ఒదిగేలా చేశారు. ఆ కూడలి మీద చిన్న రేకు ముక్క వేసి రివెట్లు కొట్టారు. ఇలాంటి కూడళ్ళు ఆ విమానం ఒంటినిండా ఉన్నాయి. ముక్కు దగ్గర మొదలై తోక దాకా, అటూ ఇటూ రెక్కల కొసల దాకా. దూరం నుంచి చూస్తే పెరటి చుట్టూ కట్టే వెదురు తడికను ఎవరో గుండ్రంగా చుట్టి, దానికి రెక్కలు తగిలించారా అనిపిస్తుంది.

దాని పేరు వెల్లింగ్టన్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన రెండు ఇంజన్ల బాంబరు. మొత్తం 11,461 తయారయ్యాయి. యుద్ధం మొదలైన రోజు నుంచి ముగిసిన రోజు దాకా ఆగకుండా తయారైన బ్రిటిష్ బాంబరు ఇదొక్కటే. ఇప్పుడు చెప్పుకోదగ్గ రూపంలో మిగిలినవి రెండే రెండు. ఒకటి సర్రే జిల్లాలో, వేబ్రిడ్జ్ పక్కనున్న బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో ఉంది. రెండోది బ్రిటిష్ వైమానిక దళం వాళ్ళ మ్యూజియానిది. నన్ను పట్టుకున్న సంగతేమిటంటే, ఆ రెండూ చివరికి బడిలో పనిచేసిన విమానాలే. బాంబులు వెయ్యడానికి పుట్టి, కుర్రాళ్ళకు పని నేర్పుతూ ఉద్యోగం ముగించాయి. ఒకటి పాఠం మధ్యలోనే నీళ్ళలో మునిగింది. ఇంకొకటి యుద్ధం అయిపోయాక పాఠాలు చెప్పింది.

చిన్నప్పుడు మా ఊరి సంతలో ఒక మేదరి తాత బుట్టలు అల్లుతుంటే గంటలకొద్దీ ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఒకసారి అడిగాను, "తాతా, మధ్యలో ఒక బద్ద విరిగితే బుట్ట పోయినట్టేనా?" అని. ఆయన తలెత్తకుండానే, "పోవడమేంటి బాబూ, పక్కదుందిగా" అన్నాడు. వెల్లింగ్టన్ గురించి చదువుతున్న ప్రతిసారీ ఆ మాట చెవిలో పడుతుంది. ఇంజనీర్లు పుస్తకాల్లో పేజీలకొద్దీ రాసింది ఆ నాలుగు మాటల్లో ఉంది.

ఈ అల్లికను ఆలోచించినవాడు బార్న్స్ వాలిస్. 1887లో పుట్టాడు. పదహారు, పదిహేడేళ్ళకే చదువు మానేసి ఓడల ఇంజన్లు చేసే కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాడు. చేత్తో పని నేర్చుకున్న మనిషి. తర్వాత వికర్స్ కంపెనీలో ఆర్100 అనే బ్రహ్మాండమైన గాలి ఓడకు చట్రం రూపొందించాడు. దాని కడుపులో పెద్ద పెద్ద గ్యాసు సంచులుండేవి. సంచి ఉబ్బి చట్రాన్ని నొక్కకుండా చుట్టూ తీగల వల బిగించాలి. వంకర తిరిగిన ఒంటి మీద తీగ ఎటు పోవాలి? ఒక గుమ్మడికాయ మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి లాగండి. ఆ దారం తనంతట తాను ఒక దారి పడుతుంది, అన్నిటికన్నా దగ్గరి దారి. లెక్కల వాళ్ళు దాన్ని జియోడెసిక్ అంటారు. వాలిస్ తన వలకు ఆ దారే ఎంచుకున్నాడు. అదే వలను తీగలకు బదులు గట్టి బద్దలతో అల్లితే? సంచిని పట్టి ఉంచడం కాదు, వలే విమానం అయిపోతే?

అప్పటిదాకా విమానం ఒళ్ళు కట్టే పద్ధతి మన ఇళ్ళ పద్ధతిలాంటిదే. పొడవునా నాలుగు దూలాలు, మధ్యలో అడ్డ కమ్ములు, మూలలకు బిగింపు తీగలు. బరువంతా దూలాలు మోస్తాయి. ఒక దూలం తెగితే ఇల్లు కూలినట్టే. వాలిస్ చట్రంలో అంతటి పెద్ద దూలాల పెత్తనం లేదు. ఒక వరస బద్దలు కుడివైపుకు మెలితిరుగుతూ పోతాయి, ఇంకో వరస ఎడమవైపుకు. విమానాన్ని గాలి మెలిపెట్టినప్పుడు ఒక వరస సాగబోతుంది, దాన్ని దాటే వరస నొక్కుకుపోబోతుంది. ఈ రెండు బలాలూ ప్రతి కూడలి దగ్గరా ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. నాలుగు బద్దలు తెగితే వాటి బరువు చుట్టూ ఉన్న బద్దల మీదుగా దారి మళ్ళుతుంది. బలమంతా పైనున్న అల్లికలోనే ఉంది కాబట్టి లోపల అడ్డ కమ్ములక్కర్లేదు. కడుపంతా ఖాళీ. ఎంత సరుకు కావాలంటే అంత పెట్టుకోవచ్చు.

చెప్పడం తేలిక. గుండ్రంగా, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉండే ఒంటి మీద పక్కపక్క బద్దలకు కూడా ఒకే వంపు ఉండదు. విమానం ఒంటికే దాదాపు 1,650 ముక్కలు కావాలి. ఇది ప్రయోగశాలలో ముచ్చటగా ఉంటుంది గానీ ఫ్యాక్టరీలో వేలకొద్దీ ఎలా చేస్తారని చాలామంది పెదవి విరిచారు. వాళ్ళకు జవాబు చెప్పిన పేరు ట్రెవర్ వెస్ట్‌బ్రూక్. వికర్స్ వర్క్స్‌లో ఉత్పత్తి చూసుకునేవాడు. డ్యూరాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకు పట్టీ ఒకవైపు పెడితే, దాన్ని గాడి ఆకారంలో మడిచి, కావలసిన వంపు తిప్పి ఇంకోవైపు బయటకు వదిలే యంత్రాలు పెట్టించారు. అచ్చు మారిస్తే వంపు మారుతుంది. దాంతో ఒక్కొక్క బద్దనూ సుత్తితో సరిచేసే బాధ తప్పింది. చేయి తిరిగిన కమ్మరి అక్కర్లేకుండా, కొద్ది వారాలు నేర్చుకున్న మనిషి చేత ఆ పని చేయించగలిగారు. ఊహ వాలిస్‌దే. కానీ ఆ ఊహను రోజు కూలికి పనిచేసేవాళ్ళ చేతికి అందించిన వెస్ట్‌బ్రూక్‌ను మనం తక్కువగా తలుచుకుంటాం. నా లెక్కలో సగం మెప్పు ఆయనదే.

ఈ పద్ధతిలో మొదట వెల్స్‌లీ అనే ఒంటి ఇంజను విమానం కట్టారు. 1938 నవంబరులో అది ఈజిప్టులోని ఇస్మాయిలియా నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు మధ్యలో ఎక్కడా దిగకుండా ఎగిరి దూరపు రికార్డు సాధించింది. వెల్లింగ్టన్ నమూనా అంతకుముందే, 1936 జూన్ 15న బ్రూక్‌లాండ్స్‌లో గాల్లోకి లేచింది. నడిపినవాడు మట్ సమ్మర్స్. వాలిస్ కూడా అందులో కూర్చున్నాడు. తన చేతిపని మీద అంత నమ్మకం ఉండాలి మరి.

అల్లిక మీద కప్పేది బట్ట. లోహపు రేకు కాదు, అచ్చమైన ఐరిష్ లినెన్, అవిసె నారతో నేసిన బట్ట. లోహపు బద్దల మీద సన్నని చెక్క పట్టీలు మరలతో బిగించి, వాటికి బట్టను తొడిగేవారు. కుట్టుపని చాలావరకు ఆడవాళ్ళది. ఆ పైన డోప్ అనే పూత పూతలు పూతలుగా పూసేవారు. మనం చీరకు గంజి పెడితే ఎలా బిగుస్తుందో, అంతకు ఎన్నో రెట్లు గట్టిగా బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగేది. తూటాలు పడ్డప్పుడు ఈ బట్టలో బెజ్జాలు పడేవి, అంతే. రాత్రికి రాత్రి అతుకు వేసి, డోప్ పూసి మర్నాడు మళ్ళీ పంపేవారు. రేకు చర్మమున్న విమానానికైతే ఆ వైద్యానికి రోజులు పట్టేవి. కానీ ఒక చెడు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టలేం. డోప్ పూసిన బట్ట నిప్పు అంటుకుంటే ఆగదు.

ఈ పని ఎంత వేగంగా సాగగలదో చూపించడానికి వేల్స్ సరిహద్దులోని బ్రాటన్ ఫ్యాక్టరీ వాళ్ళు 1943 అక్టోబరులో ఒక శనివారం పందెం వేసుకున్నట్టు కూర్చున్నారు. మొదటి ముక్క పెట్టిన 23 గంటల 50 నిమిషాలకు ఎల్ఎన్514 అనే వెల్లింగ్టన్ పూర్తయింది. 24 గంటల 48 నిమిషాలకల్లా గాల్లో ఉంది. ప్రచారం కోసం చేసినదే, సినిమా కూడా తీశారు. అయినా ఆ గడియారాన్ని నమ్మవచ్చు. ఒక్క రోజులో తడిక అల్లడం వేరు, ఎనభై ఆరడుగుల రెక్కలున్న తడికను అల్లడం వేరు.

ఆ బట్టా బద్దల కలయిక ఎలాంటిదో తెలియాలంటే 1941 జూలై 7 రాత్రి సంగతి చాలు. న్యూజిలాండ్ స్క్వాడ్రన్‌కు చెందిన వెల్లింగ్టన్ ఒకటి జర్మనీలోని మున్‌స్టర్ మీద దాడి చేసి తిరిగి వస్తుండగా శత్రు విమానం తూటాలు తగిలాయి. కుడి ఇంజను పక్కన పెట్రోలు గొట్టం తెగి రెక్క మీద మంట లేచింది. రెండో పైలట్ జేమ్స్ వార్డ్, ఇరవై రెండేళ్ళవాడు, నడుముకు తాడు కట్టుకుని పైకప్పు గుండా బయటకు దిగాడు. కింద సముద్రం, చుట్టూ చీకటి, మీదికి తోసుకొచ్చే గాలి. పట్టుకోవడానికి ఏముంది? బట్టను కాలితో తన్ని చించాడు. కింద బద్దల అల్లిక దొరికింది. ఒక చదరంలో చెయ్యి, ఇంకో చదరంలో కాలు. నిచ్చెన దిగినట్టు ఒంటి మీద నుంచి రెక్క మీదికి పాకి, ఇంజను కప్పడానికి వాడే గుడ్డతో మంటను అదిమాడు. విమానం ఇంటికి చేరింది. వార్డ్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. రేకు చర్మమున్న విమానమైతే ఆ మెట్లు ఎక్కడివి? వాలిస్ తన అల్లికను నిచ్చెనగా ఊహించి ఉండడు. సరిగ్గా చేసిన పని చేసినవాడు తలచని అవసరానికి కూడా పనికొస్తుంటుంది. వార్డ్ రెండు నెలలకే, సెప్టెంబరు 15న, హాంబర్గ్ మీద చనిపోయాడు. ఆ రోజు ఏ అల్లికా కాపాడలేదు.

ఇప్పుడు బ్రూక్‌లాండ్స్‌లో ఉన్న విమానం దగ్గరికి వద్దాం. దాని నంబరు ఎన్2980. పిలిచే పేరు ఆర్ ఫర్ రాబర్ట్. అదే బ్రూక్‌లాండ్స్‌లో తయారై 1939 నవంబరులో మొదటిసారి ఎగిరింది. మరుసటి నెలలోనే, డిసెంబరు 18న, జర్మనీ తీరంలో హెలిగోలాండ్ అఖాతం మీద జరిగిన పోరులోకి వెళ్ళింది. పట్టపగలు, మబ్బులేని ఆకాశం. బయల్దేరిన ఇరవై నాలుగు వెల్లింగ్టన్లలో రెండు దారిలోనే తిరిగొచ్చాయి. మిగిలిన ఇరవై రెండింటిలో పన్నెండు పోయాయి. జర్మన్ పైలట్లకు ఒక రహస్యం దొరికింది. వెల్లింగ్టన్ తుపాకీ గూళ్ళు (టరెట్లు) ముందుకూ వెనక్కూ తిరుగుతాయి గానీ సరిగ్గా పక్కకు తిరగవు. పక్కనుంచి వస్తే తుపాకీ లేదు. తూటా తగిలినా పెట్రోలు కారకుండా తనంతట తాను మూసుకునే ట్యాంకులు అప్పటికింకా పెట్టలేదు. చట్రం తూటాలకు తట్టుకున్నా ట్యాంకు తట్టుకోలేదు. గొప్ప మేస్త్రీ కట్టిన ఇంట్లో పొయ్యి తప్పు చోట పెట్టినట్టయింది. ఆ రోజుతో పగటి దాడుల మీద బ్రిటన్‌కు నమ్మకం పోయింది, బాంబర్లు రాత్రి పనికి మారాయి.

149వ స్క్వాడ్రన్‌లో పాల్ హారిస్ నడిపిన ఎన్2980 ఆ పోరు నుంచి తిరిగొచ్చింది. ఆ తర్వాత 37వ స్క్వాడ్రన్‌కు మారి, 1940లో రాత్రి దాడులకు వెళ్ళింది. ఆ ఏడాది శరదృతువుకు బాగా నలిగిపోయింది. ఇంజన్లు అరిగాయి. కొత్త రకాలు వచ్చేశాయి. అప్పుడు దాన్ని స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని లాసీమౌత్‌కు పంపారు. అక్కడ 20వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ ఉంది.

ఈ శిక్షణ యూనిట్ల గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే యుద్ధ పుస్తకాలు వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. పైలట్ అప్పటికే చిన్న విమానాలు నడపడం నేర్చి వస్తాడు. నావిగేటరు మ్యాపులూ నక్షత్రాలూ నేర్చి వస్తాడు. వైర్‌లెస్ మనిషి, తుపాకీ మనిషి వేర్వేరు బడుల నుంచి వస్తారు. వీళ్ళందరినీ ఒక హ్యాంగరులోకి వదిలి, మీలో మీరే చూసుకుని జట్లు కట్టుకోండని చెప్పేవారు. ఎవరూ జోడీ కలపరు. టీ తాగుతూ, సిగరెట్ అడుగుతూ, నీది ఏ ఊరు అంటూ, సాయంత్రానికల్లా జట్లు తేలేవి. పెళ్ళి సంబంధాలకన్నా తొందరగా కుదిరే ఈ సంబంధాల మీద ప్రాణాలు ఆధారపడేవి. అలా కుదిరిన జట్టు మొదటిసారి కలిసి ఎక్కే విమానం ఎక్కువ సార్లు వెల్లింగ్టనే. చుట్టూ తిరిగి దిగడం, మళ్ళీ లేవడం, మళ్ళీ దిగడం. తర్వాత రాత్రి దేశమంతా చుట్టి రావడం. చివర్లో ఫ్రాన్స్ మీద కరపత్రాలు చల్లి రావడం.

నేర్చుకునేవాళ్ళు గట్టిగా దిగుతారు, గాలి లెక్క తప్పి కొండ వైపు మళ్ళుతారు, భయపడి లాగకూడని పిడి లాగుతారు. ఆ దెబ్బలు తింటూ కూడా విరగనిది కావాలి. వెల్లింగ్టన్ అలాంటిదే. రెక్కలు గాల్లో కంటికి కనబడేలా ఊగేవట. మొదటిసారి చూసిన కుర్రాడికి గుండె జారేది. తెలిసినవాడికి అది ధైర్యం. వెదురు గాలికి వంగుతుంది కాబట్టే విరగదు. కానీ బడికి వచ్చే విమానాలు ముసలివి, ఇంజన్లు అరిగినవి, వాతావరణం స్కాట్లండ్‌ది. ఒక ఇంజను ఆగితే ఇంకొక దానితో ఎత్తు నిలబెట్టుకోవడం ఆ తొలి రకాలకు గగనం. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో యుద్ధమంతా కలిపి 55 వేల పైచిలుకు మంది చనిపోతే, వాళ్ళలో ఎనిమిది వేల మందికి పైగా శత్రువు ముఖం చూడకుండా, శిక్షణలోనూ మామూలు ప్రయాణాల్లోనూ జరిగిన ప్రమాదాల్లో పోయారు. తడికను మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క పక్కనే పెట్టుకోవాలి.

అయినా యుద్ధం బడిని కూడా వదల్లేదు. 1942 మే నెల చివర్లో కొలోన్ మీద వెయ్యి విమానాల దాడి చేయాలనుకున్నప్పుడు స్క్వాడ్రన్లలో ఉన్నవి చాలలేదు. శిక్షణ యూనిట్ల నుంచి ముసలి వెల్లింగ్టన్లనూ, పాఠం చెప్పే గురువులనూ, కొన్నిచోట్ల శిష్యులనూ కలిపి పంపారు. ఆ రాత్రి వెళ్ళిన 1,047 విమానాల్లో 602 వెల్లింగ్టన్లే. సగానికి పైగా.

ఎన్2980 కథ అంతదాకా సాగలేదు. 1940 డిసెంబరు 31. కొత్త సంవత్సరం ముందు రోజు. నావిగేషన్ పాఠం కోసం స్క్వాడ్రన్ లీడర్ మార్వుడ్-ఎల్టన్ దాన్ని తీసుకుని లేచాడు. శిక్షణలో ఉన్నవాళ్ళతో కలిపి లోపల ఎనిమిది మంది. మొనాలియా కొండల మీద, ఎనిమిది వేల అడుగుల ఎత్తులో, మంచు తుపాను మధ్యలో కుడి ఇంజను ఆగిపోయింది. విమానం దిగిపోతోంది. కింద కొండలు. దూకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆరుగురు దూకారు. అయిదుగురి ప్యారాచూట్లు సరిగ్గా తెరుచుకున్నాయి. వెనక తుపాకీ దగ్గరుండే సార్జెంట్ ఫెన్సమ్ మాత్రం చనిపోయాడు.

ఆరుగురూ పోయాక మబ్బుల్లో ఒక చీలిక కనబడింది. దాని కింద పొడవాటి నీటి పట్టీ. లాక్‌నెస్ సరస్సు. మార్వుడ్-ఎల్టన్, రెండో పైలట్ స్లాటర్ కలిసి ఆ ముసలి విమానాన్ని నీళ్ళ మీద మెల్లగా దింపారు. అది విరగలేదు. వాళ్ళు రబ్బరు పడవ తీసుకుని ఎక్కేంత సేపు తేలింది. ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ వచ్చి, రోడ్డెక్కి, అటుగా పోతున్న లారీ ఆపి ఇన్వర్‌నెస్‌కు వెళ్ళారు. ఆ లారీ డ్రైవరు ఏమనుకుని ఉంటాడో ఎవరూ రాసిపెట్టలేదు. వెనక, ఎన్2980 మునిగింది.

లాక్‌నెస్ నీళ్ళు చల్లనివి, బురద రంగు కలిసి చీకటిగా ఉండేవి, ఉప్పు లేనివి. సముద్రమైతే డ్యూరాలుమిన్‌ను ఎప్పుడో తినేసేది. సరస్సు 70 మీటర్ల లోతున దాన్ని దాచిపెట్టింది. ముప్పై అయిదేళ్ళ తర్వాత, 1976లో, ఆ సరస్సులో ఉందని జనం చెప్పుకునే వింత జంతువు కోసం వెతకడానికి అమెరికా నుంచి వచ్చిన బృందం, మార్టిన్ క్లైన్ అనే నిపుణుడి సోనార్ యంత్రంతో అడుగంతా గాలిస్తుంటే, జంతువు దొరకలేదు గానీ ఒక విమానం నీడ కనబడింది. మొదట వేరే రకం విమానమనుకున్నారు. తర్వాత ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయం వాళ్ళు రోబో కెమెరా దింపి చూస్తే, బట్ట ఊడిన చోటల్లా చదరాలు చదరాలుగా అల్లిక. ఇంకెవరి ఇంటిదీ కాదు ఆ గుర్తు.

1985 సెప్టెంబరులో దాన్ని పైకి తీశారు. ఎత్తడానికి ప్రత్యేకంగా చేయించిన చట్రం మొదటి ప్రయత్నంలో వంగిపోయింది. 1939లో చేసిన చట్రం మాత్రం కింద అలాగే ఉంది. (ఇంజనీర్లకు ఆ మాట ఎవరైనా అన్నారో లేదో గానీ నేనైతే అనకుండా ఉండలేకపోయేవాణ్ణి.) సరిచేసుకుని మళ్ళీ ప్రయత్నించి సెప్టెంబరు 21న నీటి పైకి తెచ్చారు. జట్టు వాళ్ళ సామాన్లు చాలా లోపలే ఉన్నాయి. తోక దీపాలకు ఇప్పటి బ్యాటరీ తగిలిస్తే, నలభై అయిదేళ్ళు నీళ్ళలో నానిన ఆ దీపాలు వెలిగాయి.

రెండో విమానం కథలో ఇంత నాటకం లేదు. అందుకే దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఎంఎఫ్628 అని దాని నంబరు. 1944లో బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీలో పుట్టింది. యుద్ధంలో ఒక్క దాడికి కూడా వెళ్ళలేదు. యుద్ధం ముగిశాక దాన్ని శిక్షణ రకంగా మార్చారు. ముక్కు దగ్గర తుపాకీ టరెట్ తీసేసి, అక్కడ నున్నగా మూత వేశారు. ముఖం మారిపోయింది. పాత ఫొటోల్లో కోపంగా కనబడే విమానం, ఆ మూతతో ముక్కు ఒత్తుకుపోయిన ముసలి మాస్టారిలా కనబడేది. టి.10 అని పిలిచే ఈ రకం 1953 దాకా నావిగేటర్లకు దారి కనుక్కోవడం నేర్పింది. ఎంఎఫ్628 హల్లవింగ్టన్‌లోని నావిగేషన్ బడిలో పనిచేసింది. ఆ తర్వాత 1954లో డ్యామ్ బస్టర్స్ సినిమా తీస్తున్నప్పుడు కెమెరా మోసుకుని ఎగిరింది. నీటి మీద గెంతుతూ పోయి ఆనకట్టను పేల్చే బాంబు తయారీ కథ అది. ఆ బాంబు ఊహించినవాడు మళ్ళీ మన వాలిసే. 1942 డిసెంబరులో ఆ బాంబుకు తొలి పరీక్ష జరిపింది కూడా ఒక వెల్లింగ్టన్ కడుపులోంచే.

వాలిస్ అల్లిక యుద్ధం తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. ఎత్తులో ఎగరాలంటే లోపల గాలి ఒత్తిడి పట్టి ఉంచాలి. బట్ట చర్మం ఆ ఒత్తిడి ఆపలేదు. వేగం పెరిగేకొద్దీ బట్ట రేకుతో పోటీ పడలేదు. బద్దలు అల్లే పనికన్నా రేకులు అతికించే పని చవకైంది. అయినా వంశం పూర్తిగా తెగలేదు. యుద్ధం అయ్యాక వికర్స్ కట్టిన వైకింగ్ ప్రయాణికుల విమానాల్లో మొదటివాటికి వెల్లింగ్టన్ తరహా అల్లిక రెక్కలే, పైన బట్టే. తర్వాతి వాటికి రేకు వచ్చింది. మన దేశంలో 1947 ప్రాంతంలో ఎయిర్ ఇండియా నడిపిన విమానాల్లో వైకింగ్‌లున్నాయి. ఆ వైకింగ్ నుంచి పుట్టిన వార్సిటీయే చివరికి బ్రిటిష్ నావిగేషన్ బడుల్లో వెల్లింగ్టన్ టి.10 బెంచీ మీద కూర్చుంది. ముసలి మాస్టారు రిటైరై, ఆ ఉద్యోగం మనవడికి వచ్చిందన్నమాట.

బ్రూక్‌లాండ్స్‌లో ఎన్2980ను దశాబ్దాలుగా బాగుచేస్తూ వచ్చారు. ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. కుళ్ళిన బద్దను తీసి, అదే వంపుతో కొత్తది చేసి, అదే కూడలిలో ఒదిగించాలి. ఎనభై ఏళ్ళ కిందట యంత్రం చేసిన పని ఇప్పుడు చేత్తో చెయ్యాల్సి వచ్చింది. పూర్తిగా బట్ట తొడిగి కొత్త విమానంలా నిలబెట్టవచ్చు. వాళ్ళు అలా చెయ్యలేదు. ఒంటిలో చాలా భాగం బట్ట లేకుండానే వదిలారు. ఆ నిర్ణయం నాకు బాగా నచ్చింది. బట్ట వేస్తే అది ఏదో ఒక పాత బాంబరు. బట్ట తీస్తే వాలిస్ కనబడతాడు, వెస్ట్‌బ్రూక్ కనబడతాడు, రివెట్ కొట్టిన అమ్మాయి చెయ్యి కనబడుతుంది.

విమానం పనిచేసే రోజుల్లో ఈ అల్లికను బయటివాళ్ళెవరూ చూడలేదు. వాళ్ళకు కనబడింది రంగు పూసిన బట్ట. చూసింది లోపల కూర్చున్నవాళ్ళు. లోపలివైపు బట్ట లేదు, పైకప్పు లేదు, నేరుగా బద్దలే. పగలైతే బట్ట గుండా మసక వెలుగు వడకట్టినట్టు దిగి, చదరాల నీడలు అన్నిటి మీదా పడేవి. చలి విపరీతం. గాలి చొచ్చుకొచ్చేది. ఆ చలిలో పంతొమ్మిదేళ్ళ నావిగేటరు ఒకడు తన చిన్న బల్ల మీద మ్యాపు పరుచుకుని, పెన్సిలు పట్టుకున్న వేళ్ళను రుద్దుకుంటూ, మనమిప్పుడు ఎక్కడున్నామో లెక్క కట్టేవాడు. తప్పు కట్టి, తుడిచి, మళ్ళీ కట్టేవాడు. పక్కనే, మోచేయి తగిలేంత దగ్గర్లో, రెండు బద్దలు ఒకదాన్నొకటి దాటే కూడలి, దాని మీద చిన్న రేకు ముక్క, నాలుగు రివెట్లు.